కాంటిలీవరు బ్రేకు (సైకిలు)

కాంటిలీవరు బ్రేకు సైకిలు చక్రపు రిమ్మును రెండు పక్కల నుండి రబ్బరు దిమ్మలతో నొక్కి వేగాన్ని తగ్గించే ఒక రకం బ్రేకు. దీనిలో రెండు లోహపు భుజాలు ఉంటాయి. ఇవి ఫోర్కు కాళ్ళకు గాని, వెనుక చక్రానికి ఇరువైపులా సీటు కింది నుండి దిగే కడ్డీలకు గాని అతికించిన చిన్న ఉక్కు ఇరుసుల మీద విడివిడిగా కదులుతాయి. రెండు భుజాల కొసలను కలుపుతూ ఒక అడ్డతీగ, ఆ అడ్డతీగను నడిమిన పట్టుకొని పైకి లాగే ఒక కొక్కెం, కొక్కేన్ని హాండిలు మీది పిడితో కలిపే ప్రధాన తీగ ఇందులోని మిగిలిన భాగాలు. దప్పమైన టైర్లు గల సైకిళ్ళకు, బరువుతో దూరప్రయాణం చేసే సైకిళ్ళకు ఈ బ్రేకు అనుకూలమైనది.

సైకిలు బ్రేకులలో అమర్చేవారి నేర్పు మీద ఇంతగా ఆధారపడేది మరొకటి లేదు. అవే భాగాలతో, అదే తీగతో ఒకరు బిగించిన బ్రేకు చక్రాన్ని నిలబెడుతుంది, మరొకరు బిగించినది నిలబెట్టదు. కారణం తీగ బిగువు కాదు, కొక్కెం ఉన్న ఎత్తు. ఈ వ్యాసంలో కాంటిలీవరు బ్రేకు నిర్మాణాన్ని, దానిని అమర్చి సరిచేసే పద్ధతిని, వైఎస్సార్ కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల దారులను దృష్టిలో ఉంచుకొని వివరించడమైనది.

పేరు

ఒక కొస మాత్రమే ఆధారంలో బిగించి, రెండవ కొస గాలిలోకి చాచి ఉన్న దూలాన్ని ఇంజనీరింగులో కాంటిలీవరు అంటారు. కడప జిల్లా పల్లెలలో పాత ఇళ్ళను చూసినవారికి ఇది కొత్త కాదు. గోడలో ఒక కొస పాతి, మిగిలినది బయటికి వదిలిన నాపరాతి బండలను మెట్లుగాను, గూళ్ళుగాను వాడతారు. ఆ బండ కాంటిలీవరే. బ్రేకు భుజం కూడా అదే విధంగా ఒక్క ఇరుసు మీద ఆధారపడి పక్కకు చాచుకొని ఉంటుంది కాబట్టి ఈ పేరు వచ్చింది. బండ కదలదు, బ్రేకు భుజం కదులుతుంది. అంతే తేడా.

ఇతర బ్రేకులతో పోలిక

మన ఊళ్ళలో చాలాకాలం సైకిలు బ్రేకు అంటే కడ్డీ బ్రేకే. మద్రాసు దగ్గరి అంబత్తూరులో 1949లో మొదలైన టి.ఐ. సైకిల్స్, సోనేపట్‌లో 1951లో మొదలైన అట్లాస్, లుధియానాలో 1956లో మొదలైన హీరో సంస్థలు చేసిన పెద్ద నల్ల సైకిళ్ళు దాదాపు అన్నీ ఆ బ్రేకుతోనే వచ్చేవి. (వీటిలో అట్లాస్ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్‌లో మూతపడింది.) కడ్డీ బ్రేకులో తీగ ఉండదు. పిడి నొక్కితే ఇనుప కడ్డీలు ఒకదానినొకటి లాగి, గుర్రపు రికాబు ఆకారంలో ఉన్న ఒక చట్రాన్ని పైకి ఎత్తుతాయి. ఆ చట్రానికున్న రబ్బర్లు రిమ్ము లోపలి అంచును, అంటే పుల్లల వైపు ముఖాన్ని తాకుతాయి. ఈ బ్రేకు మొరటుది, బరువైనది, కాని తెగే తీగ లేదు. సరిచేయడానికి చాలావరకు ఒక్క నట్టు చాలు. రబ్బరు అరిగితే కడ్డీని కొంచెం పైకి జరిపి ఆ నట్టు బిగిస్తే పని ముగిసినట్లే.

1990ల నుండి దప్పమైన గళ్ళ టైర్లతో, 26 అంగుళాల చక్రాలతో కొండదారి సైకిళ్ళ నమూనాలు మన పట్టణాలకు చేరాయి. సాధారణ సైకిలుకు వాడే పక్కలాగుడు బ్రేకు ఒకే బోల్టుతో ఫోర్కు తలకు వేలాడుతుంది. టైరు దప్పమయ్యే కొద్దీ ఆ బ్రేకు భుజాలు పొడవు కావలసి వస్తుంది, పొడవైన భుజాలు వంగుతాయి. కాంటిలీవరు బ్రేకు ఇరుసులు రిమ్ముకు చేరువలో ఉంటాయి కాబట్టి భుజం పొట్టిగా, గట్టిగా ఉంటుంది. టైరు చుట్టూ బురద పోవడానికి చోటు కూడా మిగులుతుంది.

ఈ బ్రేకు పుట్టింది మాత్రం కొండదారి సైకిళ్ళ కోసం కాదు. ఫ్రాన్సుకు చెందిన మఫాక్ సంస్థ కాంటిలీవరు బ్రేకులు ఇద్దరు తొక్కే జంట సైకిళ్ళకు, యాత్రా సైకిళ్ళకు ముందే వాడుకలో ఉండేవి. 1970ల చివరలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొండలు దిగే సైకిళ్ళను తయారు చేసుకున్నవారు వాటినే తెచ్చి తగిలించుకొన్నారు. 1996లో జపానుకు చెందిన షిమానో సంస్థ వి-బ్రేకు అనే పొడవు భుజాల రకాన్ని తెచ్చిన తరువాత కొండదారి సైకిళ్ళలో కాంటిలీవరు తగ్గిపోయింది. పొలాల బురదలో జరిగే సైక్లోక్రాస్ పందేలలో మాత్రం చాలాకాలం నిలిచింది. ఆ పందేలలో డిస్కు బ్రేకులను అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య 2010లో అనుమతించింది.

వి-బ్రేకును చూసి కాంటిలీవరు అని పొరబడేవారు ఉన్నారు. గుర్తుపట్టడం సులభం. వి-బ్రేకులో భుజాలు నిలువుగా, పొడవుగా ఉండి తీగ ఒక భుజం నుండి రెండవ భుజానికి అడ్డంగా పోతుంది. కొక్కెం ఉండదు. ఈ తేడా పేరుకు మాత్రమే పరిమితం కాదు. వి-బ్రేకు భుజాలకు దాదాపు రెట్టింపు తీగ లాగే పిడి కావాలి. కాంటిలీవరు పిడితో వి-బ్రేకును కలిపితే పిడి హాండిలును తాకేంత వరకు వచ్చేస్తుంది, పట్టినప్పుడు మాత్రం ఒక్కసారిగా పట్టేస్తుంది. వి-బ్రేకు పిడితో కాంటిలీవరును కలిపితే పిడి రాయిలా గట్టిగా ఉంటుంది, చక్రం ఆగదు. రెండవది ఎక్కువ మోసపూరితమైనది. పిడి గట్టిగా ఉంటే బ్రేకు బాగున్నదని అనుకోవడం సహజం కదా!

బలం పుట్టే విధానం

చేతి బలం రిమ్మును చేరేలోగా మూడు చోట్ల పెరుగుతుంది గాని తరుగుతుంది గాని. మొదటిది పిడి, మూడవది భుజం. ఈ రెండూ తయారీలోనే నిర్ణయమైపోతాయి. నడుమనున్న అడ్డతీగ ఒక్కటే అమర్చేవారి చేతిలో ఉన్నది.

ప్రధాన తీగ కొక్కేన్ని నిటారుగా పైకి లాగుతుంది. అడ్డతీగ రెండు సగాలు ఆ బలాన్ని పంచుకొని ఏటవాలుగా భుజాలకు అందిస్తాయి. ఒక్కొక్క సగం అడ్డగీతతో చేసే కోణాన్ని తెలుసుకుంటే దానిలోని బిగువును పదవ తరగతి త్రికోణమితితోనే లెక్క కట్టవచ్చును. ప్రధాన తీగ బలాన్ని ఆ కోణపు సైను విలువకు రెట్టింపుతో భాగిస్తే ఒక సగంలోని బిగువు వస్తుంది.

ప్రధాన తీగను 200 న్యూటన్ల బలంతో లాగామనుకొందాము. అడ్డతీగ సగం అడ్డగీతతో 60 డిగ్రీల కోణంలో ఉంటే, అంటే కొక్కెం బాగా ఎత్తున ఉంటే, ఒక్కొక్క సగంలో బిగువు సుమారు 115 న్యూటన్లు. కోణం 45 డిగ్రీలైతే 141. కోణం 30 డిగ్రీలైతే సరిగ్గా 200. కొక్కేన్ని ఇంకా దించి 20 డిగ్రీలకు తెస్తే 292. చేయి పెట్టిన బలం మారలేదు, తీగ మారలేదు, కొక్కెం దిగింది, అంతే. బిగువు రెండున్నర రెట్లయినది.

బట్టలు ఆరవేసే తీగ కూడా ఇదే సూత్రాన్ని చూపుతుంది. రెండు గుంజల మధ్య బిర్రుగా కట్టిన తీగను నడిమిన పట్టుకొని కొంచెం లాగినా గుంజలు లోపలికి వంగుతాయి. వదులుగా వేలాడే తీగను అంతే బలంతో లాగితే గుంజలు అంతగా కదలవు.

ప్రకృతి ఏదీ ఊరికే ఇవ్వదు. బలం పెరిగిన మేరకు కదలిక తగ్గుతుంది. కొక్కెం బాగా దిగువన ఉంటే రబ్బరు రిమ్మును చేరడానికి ఎక్కువ తీగ లాగవలసి వస్తుంది, పిడి హాండిలును తాకుతుంది. అప్పుడు రబ్బర్లను రిమ్ముకు మరింత దగ్గరగా పెట్టుకోవాలి. రబ్బరు దగ్గరగా ఉండాలంటే రిమ్ము వంకర లేకుండా ఉండాలి. కాబట్టి మంచి బ్రేకు పని రిమ్ము బెండు తీయడంతో మొదలవుతుంది. ఈ మెట్టును వదిలివేసి బ్రేకును తిట్టుకోవడం వలన ప్రయోజనం లేదు.

భుజం ఆకారాన్ని బట్టి ఒక సవరణ ఉన్నది. భుజాలు దాదాపు నిలువుగా ఉండే రకంలో అడ్డతీగ ఎంత పడుకొని ఉంటే అంత మేలు. భుజాలు పక్కలకు రెక్కల్లా చాచుకొని ఉండే పాత రకంలో ఆ లాభం తక్కువ. అక్కడ ఇరుసు నుండి భుజం కొసకు గీసిన గీతకు, అడ్డతీగకు మధ్య కోణం 90 డిగ్రీల దగ్గరలో ఉండేటట్లు చూసుకుంటే చాలు.

కడ్డీ బ్రేకు మీద పని నేర్చిన చేయి కాంటిలీవరు బ్రేకు దగ్గర తడబడేది ఇక్కడే. బ్రేకు పట్టడం లేదంటే తీగ బిగించడం ఆ చేతికి అలవాటు. తీగ బిగిస్తే కొక్కెం పైకి పోతుంది. కొక్కెం పైకి పోతే కోణం పెరుగుతుంది, బలం తగ్గుతుంది. పిడి గట్టిపడింది గనుక పని సరిగా జరిగిందనుకుంటారు. నిజానికి బ్రేకు మునుపటికంటే బలహీనపడినది.

అమర్చే విధానం

కావలసిన పనిముట్లు ఎక్కువేమీ లేవు. 10 మి.మీ. స్పానరు, 5 మి.మీ. అలెన్ కీ, తీగ కోసే పకారు, కొంచెం గ్రీజు, ఉప్పు కాగితం, ఒక అట్టముక్క. తీగ విషయంలో పొదుపు పనికిరాదు. బ్రేకు లోపలి తీగ సుమారు ఒకటిన్నర మి.మీ. దళసరి ఉంటుంది. బయటి తొడుగు చుట్టలు చుట్టిన ఉక్కు రేకుతో చేసినదై ఉండాలి. గేరు తీగ తొడుగులో ఉక్కు పోగులు నిలువుగా పరచి ఉంటాయి. చూడడానికి రెండూ ఒకటిగానే కనిపించినా గేరు తొడుగును బ్రేకుకు వాడితే గట్టిగా నొక్కినప్పుడు అది పగిలిపోవచ్చును. దుకాణంలో మిగిలిన ముక్క ఉన్నదని దానిని వేయించుకోరాదు.

ముందుగా చక్రాన్ని విడిచి తిప్పి రిమ్ము అటు ఇటు ఊగకుండా చూడాలి. చక్రం ఫోర్కు నడిమిన కూర్చున్నదో లేదో కూడా చూడాలి. తరువాత భుజాలను విప్పి ఇరుసులను తుడిచి, పలుచగా గ్రీజు పూయాలి. ఇరుసు మొదట్లో స్ప్రింగు కొస దూర్చడానికి మూడు రంధ్రాలు ఉంటాయి. రెండు పక్కలా నడిమి రంధ్రాన్నే వాడాలి. ఒక పక్క పై రంధ్రం, రెండవ పక్క కింది రంధ్రం పడితే ఆ తరువాత ఎంత తంటాలు పడినా రబ్బర్లు సమంగా కదలవు. భుజాన్ని పట్టే బోల్టును గట్టిగా మాత్రమే బిగించాలి, బలమంతా పెట్టరాదు. అతిగా బిగిస్తే ఇరుసు కొస పుట్టగొడుగులా విచ్చుకొని భుజం ఇరుక్కుపోతుంది.

ఇక రబ్బర్లు. ఈ పనికి ఓపిక కావాలి. దిమ్మ మొత్తం రిమ్ము పక్క ముఖం మీద పడాలి. దాని పై అంచుకు, టైరుకు మధ్య ఒక మి.మీ. ఖాళీ ఉండాలి. టైరుకు రాసుకుంటే కొన్ని రోజులలోనే టైరు పక్క గోడ కోసుకుపోతుంది. ఇరుసు రిమ్ముకు దిగువన ఉండటం వలన భుజం లోపలికి వచ్చే కొద్దీ రబ్బరు కొంచెం కిందికి దిగుతుంది. రబ్బరు అరిగే కొద్దీ ఇంకా దిగుతుంది. చివరకు రిమ్ము కింది నుండి జారి పుల్లలలో పడే ప్రమాదమున్నది. అందుచేత కొత్త రబ్బరును రిమ్ము ముఖంలో పై భాగానికి చేరువగా పెట్టి, అరిగినప్పుడల్లా తిరిగి చూసుకోవాలి.

దిమ్మ ముందు అంచు, అంటే సైకిలు ముందు వైపుకు ఉండేది, వెనుక అంచుకంటే క్షణం ముందు రిమ్మును తాకాలి. ఇందుకు దిమ్మ వెనుక కొస కింద ఒక మి.మీ. మందపు అట్టముక్క పెట్టి, దిమ్మను రిమ్ముకు అదిమి పట్టుకొని నట్టు బిగించి, తరువాత అట్టను తీసివేస్తారు. ఈ చిన్న వాలు లేకపోతే బ్రేకు వేసినప్పుడు వీధి అంతా వినిపించేటట్లు కీచుమంటుంది. నట్టు బిగించేటప్పుడు దిమ్మ తిరిగిపోవడం మామూలే. ఒక చేత్తో దిమ్మను, మరో చేత్తో స్పానరును పట్టుకోవాలి, లేదా పక్కన ఒకరి సాయం తీసుకోవాలి.

తరువాత అడ్డతీగ. మొదట కొక్కేన్ని రెండు సగాల మధ్య కోణం లంబకోణం అయ్యే ఎత్తులో నిలిపి, ప్రధాన తీగను తాత్కాలికంగా బిగించాలి. పిడిని గట్టిగా పదిసార్లు నొక్కాలి. దీనివలన తొడుగు కొసలు తమ గూళ్ళలో సర్దుకుంటాయి. తీగ సాగినదని మనం అనుకునేది చాలావరకు ఇదే. అటు తరువాత కొక్కేన్ని కొంచెం కొంచెంగా దించుతూ, అడ్డతీగను అందుకు తగినట్లు పొట్టి చేస్తూ, పిడి హాండిలుకు చేరువైనా తాకని చోట ఆపాలి. రబ్బరుకు, రిమ్ముకు మధ్య ఒక్కొక్క పక్క ఒకటిన్నర నుండి రెండు మి.మీ. ఖాళీ సరిపోతుంది. కొక్కెం, అడ్డతీగ టైరుకు మరీ చేరువగా ఉండరాదు. రెండు వేళ్ళు దూరేంత ఎడం ఉండాలి. కొన్ని సైకిళ్ళకు కొక్కెం నుండి ఒక భుజానికి అచ్చు పోసిన ముక్క తీగ వస్తుంది. దానిలో కోణం తయారీదారు నిర్ణయించినదే, మనం మార్చలేము.

పిడి దగ్గర తీగ దూరేచోట ఉండే సర్దుబాటు మరను మొదట పూర్తిగా లోపలికి తిప్పి, రెండు చుట్లు బయటికి వదలాలి. రబ్బరు కొద్దిగా అరిగినప్పుడు తీగ బోల్టు ముట్టకుండా ఈ మరతోనే ఖాళీని తగ్గించుకోవచ్చును. ఆ తరువాత ఒక రబ్బరు రిమ్ముకు అంటుకొని ఉంటే, భుజం పక్కనున్న చిన్న స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పి స్ప్రింగు బిగువును సమం చేయాలి. స్క్రూ ఉన్న భుజంలో బిగువు పెంచితే ఆ పక్క రబ్బరు రిమ్ముకు దూరమవుతుంది.

తీగ కొసను రెండు అంగుళాలు మిగిల్చి కోసి, దానికి చిన్న లోహపు టోపీ నొక్కాలి. టోపీ లేని తీగ పోగులు విడిపోయి వేళ్ళకు గుచ్చుకుంటాయి.

మూడు పట్టణాలు, వాటి దారులు

ప్రొద్దుటూరు పెన్నా నది ఒడ్డున, కర్నూలు-కడప కాలువ నీరు పారే చదును నేల మీద ఉన్నది. ఊరిలో సైకిలు తొక్కేవారికి వాలుతో పని లేదు, జనంతో పని. బట్టల దుకాణాలు, బంగారు అంగళ్ళు ఉన్న వీధులలో ప్రతి పది గజాలకు ఆగవలసి వస్తుంది. ఇటువంటిచోట బ్రేకుకు కావలసినది గొప్ప బలం కాదు, మెత్తని అదుపు. ఇక్కడ కొక్కెం మరీ దిగువన లేకపోయినా నష్టం లేదు.

ప్రొద్దుటూరు నుండి ఎర్రగుంట్ల వైపు, జమ్మలమడుగు వైపు పోతే పరిస్థితి మారుతుంది. ఈ ప్రాంతం నాపరాతికి, సిమెంటు కర్మాగారాలకు పేరు పొందినది. లారీలు లేపే సున్నపురాతి దుమ్ము రిమ్ము మీద, రబ్బరు మీద పడుతుంది. రబ్బరులో గుచ్చుకున్న గరుకు రేణువులు రిమ్మును ఆకురాయిలా అరగదీస్తాయి. బ్రేకు వేస్తే కరకరమనే చప్పుడు వస్తే రబ్బరును విప్పి, రేణువులను సూదితో గిల్లి తీసి, ఉప్పు కాగితం మీద రుద్దాలి. ఎండకు గట్టిపడి గాజులా మెరిసే రబ్బరుకు కూడా ఇదే వైద్యం. పగుళ్ళు కనిపిస్తే మాత్రం మార్చవలసిందే.

జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి నేలలు ఉన్నాయి. వాన పడిన తరువాత పొలం బాటలో పది అడుగులు నడిపినా రేగడి మట్టి టైరుకు పొరలు పొరలుగా అంటుకొని బ్రేకు దగ్గర పేరుకుంటుంది. కడ్డీ బ్రేకు సైకిలు ఆ మట్టిలో చక్రం తిరగక ఆగిపోతుంది, కాంటిలీవరు బ్రేకు సైకిలు మరికొంత దూరం పోతుంది. ఎండిన రేగడి రాయిలా గట్టిపడి భుజాన్ని, స్ప్రింగును పట్టేస్తుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడే కడిగివేయడం మంచిది.

తడి గురించి ఇంకొక సంగతి. చవక సైకిళ్ళకు క్రోమియం పూత పూసిన ఉక్కు రిమ్ములు ఉంటాయి. పొడిగా ఉన్నప్పుడు ఇవి బాగానే ఆగుతాయి. నీరు పడితే బ్రేకు వేసినా రబ్బరు నూనె మీద జారినట్లు జారుతుంది, పట్టు చాలావరకు పోతుంది. అల్యూమినియం రిమ్ము తడిలో ఇంతకంటే ఎంతో మేలు. ఉక్కు రిమ్ము ఉన్నవారు వానలో ముందుగానే బ్రేకును తేలికగా నొక్కి రిమ్ము మీది నీటిని తుడిచి, ఆపైన గట్టిగా నొక్కాలి. ఏ సర్దుబాటూ ఈ లోపాన్ని పూర్తిగా తీర్చలేదు.

జమ్మలమడుగు నుండి గండికోటకు సుమారు 15 కి.మీ. దూరం. పోయేటప్పుడు ఎక్కడం, వచ్చేటప్పుడు దిగడం. జమ్మలమడుగు నుండి ముద్దనూరు పోయే దారి కూడా ఎర్రమల కొండల వరుసను దాటే ఘాటు రోడ్డే. ముద్దనూరు దాటి పులివెందుల వైపు పోతే గుట్టలు, వాటి మధ్య చీనీ, అరటి తోటలు కనిపిస్తాయి. అరటి గెలతోనో, పాల క్యానుతోనో వాలు దిగే సైకిలుకు చదును నేల మీది బ్రేకు సరిపోదు.

ఎందుకో లెక్క చూడండి. మనిషి, సైకిలు, సామాను కలిపి 80 కిలోలు అనుకొందాము. 50 మీటర్ల ఎత్తు దిగితే 80ని 9.8తో, 50తో గుణించగా 39,200 జౌళ్ళ శక్తి విడుదలవుతుంది. వేగం పెరగకుండా దిగాలంటే, గాలి పీల్చుకోగా మిగిలినదంతా బ్రేకులలో వేడిగా మారాలి. ఆ మొత్తం వేడి ఒక లీటరు నీటిని 9 డిగ్రీలకు పైగా వేడి చేయగలదు. రబ్బరు దిమ్మలో లీటరు నీరంత పదార్థం లేదు! అందుకే పెద్ద వాలులో బ్రేకును అదేపనిగా పట్టుకొని ఉండక, వేగం పెరగగానే రెండు బ్రేకులూ కలిపి గట్టిగా నొక్కి, తగ్గగానే వదలాలి.

ఆగే దూరం సంగతి. గంటకు 36 కి.మీ. వేగమంటే సెకనుకు 10 మీటర్లు. చదును నేల మీద వెనుక బ్రేకుతో మాత్రమే సెకనుకు సెకనుకు సుమారు 2.45 మీటర్ల మందగమనం వస్తుందనుకుంటే సైకిలు 20 మీటర్లలో ఆగుతుంది. అదే సైకిలు ప్రతి 20 అడుగులకు ఒక అడుగు దిగే వాలులో 25 మీటర్లు దాటి గాని ఆగదు. ముందు బ్రేకు కూడా సరిగా పనిచేస్తే చదును నేల మీద మందగమనం రెట్టింపవుతుంది, ఆగే దూరం 10 మీటర్లకు దిగుతుంది. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామనే భయంతో దానిని వదులుగా వదిలివేసేవారు, ఏకంగా విప్పివేసేవారు ఉన్నారు. పల్టీ కొట్టేది ఒక్కసారిగా లాగి పట్టినప్పుడు. చేతులు చాచి, నడుమును వెనుకకు జరిపి, క్రమంగా నొక్కితే ఆ ప్రమాదం లేదు. మన దేశపు సైకిళ్ళలో సాధారణంగా కుడి పిడి ముందు బ్రేకుకు ఉంటుంది. కొత్త సైకిలు ఎక్కే ముందు నిలబడి రెండు పిడులూ నొక్కి చూసుకోవాలి.

కొన్ని లోపాలు

ముందు బ్రేకు వేసినప్పుడు ఫోర్కు గడగడ వణకడం కాంటిలీవరు బ్రేకులలో తరచు కనిపించే లోపం. తొడుగు ఆగే పట్టీ హాండిలు మెడ దగ్గర ఉన్నప్పుడు ఇది జరుగుతుంది. బ్రేకు పడగానే ఫోర్కు వెనుకకు వంగుతుంది. పట్టీకి, కొక్కేనికి మధ్య దూరం పెరిగి తీగ మరింత బిగుస్తుంది, బ్రేకు ఇంకా గట్టిగా పడుతుంది. రబ్బరు జారగానే ఫోర్కు వెనక్కి కొడుతుంది, మళ్ళీ మొదలు. మెడ బేరింగులు వదులుగా ఉంటే ముందు వాటిని బిగించాలి. అయినా తగ్గకపోతే ఆ పట్టీని ఫోర్కు తలకే బిగించే రకం వేయించాలి. రబ్బరు వాలు మార్చడం వలన కొంత తగ్గవచ్చును గాని మూలకారణం పోదు.

పిడి వదిలినా రబ్బర్లు వెనక్కి రాకపోవడానికి చాలావరకు తుప్పే కారణం. ముందు తీగను కొక్కెం నుండి విడదీసి భుజాన్ని వేలితో కదిపి చూడాలి. భుజం చులకనగా కదిలితే దోషం తొడుగులో ఉన్నది, కదలకపోతే ఇరుసులో ఉన్నది. తొడుగు లోపల తుప్పు పట్టితే నూనె పోసి కాలం గడపడం కంటే తీగను, తొడుగును కలిపి మార్చడమే చవక. రిమ్ము మీద, రబ్బరు మీద మాత్రం నూనె చుక్క పడకూడదు.

అడ్డతీగ వలన కలిగే ప్రమాదం

ప్రధాన తీగ తెగడం ఏ బ్రేకులోనైనా ప్రమాదమే. కాని కాంటిలీవరు బ్రేకులో దానికి మరొక ప్రమాదం తోడవుతుంది. తీగ తెగితే కొక్కెం కింద పడుతుంది, అడ్డతీగ తిరిగే టైరు మీద వాలుతుంది. గళ్ళ టైరు ఆ తీగను పట్టుకొని ముందుకు లాగుకుపోతుంది. అప్పుడు భుజాలు రెండూ రిమ్మును బలంగా బిగించి, ముందు చక్రం ఉన్నచోటనే ఆగిపోతుంది. మనిషి హాండిలు మీదుగా ఎగిరిపడతాడు. బ్రేకు లేకపోవడం కంటే ఇది ఎక్కువ ఘోరమైనది.

దీనికి నివారణ చవకైనది. ముందు ఫోర్కు తల బోల్టుకు తెల్లగా మెరిసే అద్దం తగిలించే పట్టీ ఉంటుంది. అడ్డతీగ కిందికి పడితే టైరును చేరకముందే ఆ పట్టీ దానిని ఆపుతుంది. మడ్డుగార్డు ఉన్న సైకిలులో మడ్డుగార్డే ఆ పని చేస్తుంది. అందం కోసమో, బరువు తగ్గించడం కోసమో ఈ రెంటినీ పీకివేయడం పిల్లలలో కనిపించే అలవాటు. కనీసం ఒకటైనా ఉంచాలి. ఆ పట్టీ అడ్డతీగకు దిగువన, టైరుకు పైన ఉన్నదో లేదో వేలు పెట్టి చూడాలి.

తీగ ఒక్కసారిగా తెగదు. పిడి దగ్గరి గుండు వద్ద, కొక్కెం బోల్టు వద్ద ఒక్కొక్క పోగే తెగుతూ వస్తుంది. నెలకొకసారి పిడిని పూర్తిగా నొక్కి, ఆ సందులోంచి తీగ కొసను వెలుతురులో పరిశీలించాలి. ఒక్క పోగు విడిపోయి కనిపించినా ఘాటు దారికి బయలుదేరే ముందే తీగ మార్చాలి.